పాటల పెట్టెకు తాళంచెవి ఎవరి దగ్గర?

పిల్లలూ! ముందు మా పక్కింటి కుర్రవాడి సంగతి చెబుతాను. వాడికి పదమూడేళ్ళు. పోయిన వేసవి సెలవులకు వాడి అమ్మమ్మ పల్లెనుంచి వచ్చి నెల్లాళ్ళు ఉన్నది. ఆవిడకు దంపుళ్ళ పాటలు, ఉయ్యాల పాటలు, అప్పగింతల పాటలు ఎన్నో వచ్చు. అవి ఏ పుస్తకం చూచి నేర్చుకున్నవీ కావు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడుతూంటే విని పట్టుకున్నవి.

ఆవిడ ఇంక నాలుగు రోజుల్లో ఊరికి వెళుతుందనగా మనవడికి ఒక ఆలోచన తోచింది. ఇంటర్నెట్టులో వెతికి, పాటలు కూర్చే ప్రోగ్రాము ఒకటి కంప్యూటరులోకి దించుకున్నాడు. దానిమీద "ఉచితంగా వాడి చూడండి" అని వ్రాసి ఉన్నది. మధ్యాహ్నం పూట ఫాను ఆపి, వీధి తలుపు మూసి, అమ్మమ్మను మైకు ముందు కూర్చోబెట్టి మూడు పాటలు పాడించాడు. వాటికింద తంబురా శ్రుతి కలిపాడు, తాళం వేశాడు. రోజూ రాత్రి భద్రం చేశాడు. ఆ నాలుగు రోజులూ ప్రోగ్రామును మూయనే లేదు, కంప్యూటరును ఆపనే లేదు.

అమ్మమ్మను రైలెక్కించి వచ్చాక కంప్యూటరును ఒకసారి ఆపి, మళ్ళీ పెట్టాడు. పాటలు తెరవబోతే తెరమీద చిన్న పలక ఒకటి కనిపించింది. భద్రం చేసినదాన్ని తిరిగి తెరవాలంటే ప్రోగ్రామును కొనుక్కోవాలట! వాడు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయిగారూ! పాడింది మా అమ్మమ్మ. పాడించింది నేను. అది ఉన్నది మా కంప్యూటరులోనే. మరి నా పాట నాకెందుకు ఇవ్వదు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే లైసెన్సు అంటే ఏమిటో తెలియాలి.

మీరు బస్సెక్కి టిక్కెట్టు కొంటారు. అంతమాత్రాన బస్సు మీది కాదు గదా! ఫలానా ఊరినుంచి ఫలానా ఊరిదాకా కూర్చుని వెళ్ళటానికి మీకు అనుమతి దొరికింది, అంతే. కంప్యూటరు ప్రోగ్రామును "కొన్నాను" అని మనం అంటాం గాని, నిజానికి చాలాసార్లు మనం కొనేది టిక్కెట్టు వంటి అనుమతినే. దాన్నే లైసెన్సు అంటారు. బస్సు టిక్కెట్టుమీద ఊరు, చార్జీ మాత్రమే ఉంటాయి. ప్రోగ్రాము లైసెన్సులోనో, ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు, ఎన్నాళ్ళు వాడవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చా లేదా అని పేజీలకు పేజీలు ఉంటాయి. చివర "అంగీకరిస్తున్నాను" అని ఒక మీట. మన కుర్రవాడు ఆ మీట నొక్కాడు. పైనున్నది చదవలేదు. చదివే పెద్దవాళ్ళు మాత్రం ఎందరున్నారు?

ఇలాటి ప్రోగ్రాము కొనబోయేవాళ్ళు ముందు చూచేది సదుపాయాలను. ఎన్ని ట్రాకులు, ఎన్ని వాద్యాలు, ఎన్ని హంగులు? ట్రాకు అంటే ఒక పొర. అమ్మమ్మ గొంతు ఒక పొర, తంబురా ఒకటి, మృదంగం ఒకటి, ఫిడేలు ఒకటి. ఒకదానిమీద ఒకటి పరచి అన్నిటినీ కలిపి వింటే పాట అవుతుంది. ఫిడేలు తప్పు వాయిస్తే ఆ ఒక్క పొరనే మార్చుకోవచ్చు. 1950లలో మద్రాసులో సినిమా పాట రికార్డు చేసేనాడు ఈ సౌకర్యం లేదు. గాయకుడూ, వాద్యబృందమూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించేవారు. చివరి చరణంలో ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచి రావలసిందే.

బీటిల్సు అనే ఇంగ్లండు బృందం 1967లో విడుదలచేసిన "సార్జెంట్ పెప్పర్" అనే రికార్డు ఎంతో పేరు పొందింది. దాన్ని నాలుగు ట్రాకుల టేపు యంత్రాలమీద తయారుచేశారు. నాలుగూ నిండిపోతే వాటిని కలిపి మరో టేపుమీద ఒకటి రెండు ట్రాకులుగా దింపి, మిగిలిన చోటులో కొత్తవి చేర్చేవారు. ఈనాడు ఏమీ ఖర్చులేకుండా దొరికే ప్రోగ్రాములో అంతకన్న ఎక్కువ ట్రాకులే ఉంటాయి. కాబట్టి పెట్టెమీద "అపరిమితమైన ట్రాకులు" అని వ్రాసి ఉంటే మురిసిపోకుండా, మీ పాటకు నిజంగా ఎన్ని కావాలో వేళ్ళమీద లెక్కపెట్టుకోండి. అమ్మమ్మ పాటకు ఐదు చాలు.

కంపెనీవాళ్ళు ఒకే ప్రోగ్రామును మూడు నాలుగు ధరలకు అమ్ముతారు. బెర్లిన్ నగరంలోని ఏబుల్టన్ కంపెనీవారి "లైవ్" అనే ప్రోగ్రాములో చిన్న రకం ఇంట్రో. అందులో 16 ట్రాకులుంటాయి. పెద్ద రకాలలో ట్రాకులకు లెక్కలేదు. బెల్జియంలో 1997లో పుట్టిన "ఫ్రూటీలూప్స్" ఇప్పుడు ఎఫ్.ఎల్. స్టూడియో అనే పేరుతో ఉన్నది. దానికి ఒక మంచి గుణం ఉన్నది: ఒకసారి కొన్నవారికి తరువాతి మార్పులన్నీ ఉచితంగా ఇస్తారు. కాని చాలా ఏళ్ళపాటు దాని చౌక రకంలో మైకు పెట్టి గొంతు రికార్డు చేసే వీలు ఉండేది కాదు. మీటలు నొక్కి వాద్యాలు పలికించటమే. అన్ని రకాలకూ దించుకునే ప్రోగ్రాము ఒకటే; కట్టిన సొమ్మును బట్టి అందులో కొన్ని గదులు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. ఇల్లంతా కట్టి ఉన్నది, మన చేతికిచ్చినవి రెండు గదుల తాళంచెవులు అన్నమాట. పాడేవాడు వాయించేవాడి రకం కొనుక్కుంటే చిక్కే.

సదుపాయాలు ఇంతే. ఇక రెండోది చూదాం. దీన్ని పెట్టెమీద పెద్ద అక్షరాలతో వ్రాయరు.

అమెరికాలో గ్రెగ్ హెండర్‌షాట్ అనే ఆయన 1987లో "కేక్‌వాక్" అనే ప్రోగ్రామును తయారుచేశాడు. అప్పటి కంప్యూటర్లు గొంతును పట్టుకోలేవు గనక అది స్వరాలను మాత్రమే గుర్తుపెట్టుకుని వాద్యాలచేత పలికించేది. క్రమంగా పెరిగి, 2001 నాటికి గొంతూ వాద్యమూ రెండూ పట్టే "సోనార్" అయింది. ఎందరో తమ ఇళ్ళలో దానిమీదే పాటలు కూర్చుకున్నారు. 2013లో ఆ సంస్థను గిబ్సన్ కంపెనీ కొన్నది. గిబ్సన్ అంటే ఎవరో కాదు, నూరేళ్ళు పైబడి గిటార్లు చేస్తున్న పేరున్న కంపెనీ. అటువంటి పెద్దమనిషి కొన్నాడంటే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది.

2016లో ఆ సంస్థ ఒక ప్రకటన చేసింది: ఒక్కసారి ఇంత సొమ్ము కడితే సోనార్‌కు వచ్చే కొత్త మార్పులన్నీ జీవితాంతం ఉచితం. చాలామంది సంతోషంగా కట్టారు. పిల్లలూ, "జీవితాంతం" అన్నమాట చూచారా? ఎవరి జీవితం? కట్టినవాళ్ళు తమ జీవితం అనుకున్నారు. 2017 నవంబరులో గిబ్సన్ కంపెనీ, ఇకపై కేక్‌వాక్ ప్రోగ్రాములను తయారుచేయబోమని ప్రకటించింది. ప్రకటన వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు! జీవితం ముగిసింది ప్రోగ్రాముకు. కట్టినవాళ్ళ కంప్యూటర్లలో సోనార్ ఆ రోజే మూగపోలేదు గాని, కొత్త మార్పులూ, తప్పుల దిద్దుబాట్లూ ఆగిపోయాయి. కంప్యూటరు మారుతూ ఉంటుంది. దానితోపాటు మారని ప్రోగ్రాము ఏదో ఒకనాటికి పనిచేయటం మానుకుంటుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 2018 ఫిబ్రవరిలో సింగపూరులోని బ్యాండ్‌ల్యాబ్ అనే సంస్థ కేక్‌వాక్‌ను కొని, ఏప్రిల్‌లో ఆ ప్రోగ్రామును అందరికీ ఉచితంగా ఇచ్చింది. నిన్నటిదాకా వందల డాలర్లు పలికిన వస్తువు ఊరికే దొరికింది! డబ్బు కట్టినవారు నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నారు. అయితే పాత పాటలన్నీ అందులో తెరుచుకున్నాయి. అది పెద్ద మేలు. కాని పూర్వం సోనార్‌తో కలిపి ఇచ్చిన వాద్యాలు కొన్ని ఇందులో లేవు. ఎందుకంటే, వాటిలో చాలావాటిని తయారుచేసినవారు వేరే కంపెనీలవాళ్ళు. వాళ్ళ అనుమతి వేరు. పైగా అప్పుడప్పుడు ఇంటర్నెట్టులో సంస్థకు కబురు పంపి అనుమతిని పొడిగించుకుంటూ ఉండవలసి వచ్చేది. 2023లో సంస్థ మరో కొత్త సోనార్‌ను తెస్తున్నామన్నది. మొదట దాన్ని చందా కట్టినవారికే ఇచ్చి, 2025లో ఉచిత రకం కూడా పెట్టింది. ఒకే ప్రోగ్రాము ముప్ఫై ఎనిమిదేళ్ళలో కొనుగోలు, జీవితాంతపు వాగ్దానం, మూసివేత, ఉచితం, చందా, మళ్ళీ ఉచితం అన్నీ చూచింది. ఇందులో ఎవరూ చట్టాన్ని తప్పారని నేను అనటం లేదు. టిక్కెట్టు ఇచ్చినవాడు బస్సును ఆపివేస్తే ఏమవుతుందో చెబుతున్నాను.

కొందరు నిజంగానే తాళంచెవి ఇచ్చేవారు. జర్మనీలోని స్టైన్‌బర్గ్ కంపెనీ 1989లో తెచ్చిన "క్యూబేస్" చాలా ప్రసిద్ధమైనది. చాలా ఏళ్ళు దాన్ని నడపాలంటే బొటనవేలంత పుల్ల ఒకటి కంప్యూటరుకు గుచ్చవలసి వచ్చేది. లైసెన్సు ఆ పుల్లలో ఉండేది. పుల్ల ఊరిలో మరచి వస్తే వేల రూపాయల ప్రోగ్రాము ఉలకదు, పలకదు! 2022లో కంపెనీ ఆ పద్ధతి మాని, కంప్యూటరులోనే లైసెన్సును గుర్తించే ఏర్పాటు చేసింది. పాత పుల్లల లైసెన్సులు చూచే వ్యవస్థను 2025 మే నెలలో ఎత్తివేశారు. పుల్లను భద్రంగా దాచుకున్నవారి పాత క్యూబేస్ పనిచేస్తూనే ఉంటుంది. పోగొట్టుకున్నవారికి మళ్ళీ ఇచ్చే చోటు లేదు.

"అయితే అసలు తాళమే లేనివి ఉండవా?" అని మీరు అడుగుతారు. ఉన్నాయి. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరు "ఆడాసిటీ" అనే ప్రోగ్రామును మొదలుపెట్టారు. 2000లో దాన్ని లోకానికి ఇచ్చారు. దానికీ లైసెన్సు ఉన్నది. కాని అది తిరగేసిన లైసెన్సు! ఎవరైనా వాడవచ్చు, స్నేహితులకు ఇవ్వవచ్చు, లోపల ఎలా వ్రాశారో చూచి మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకిస్తే వాళ్ళకూ ఇవే హక్కులు ఇవ్వాలి. దీనికి జి.పి.ఎల్. అని పేరు. ఆడాసిటీని 2021లో ఒక కంపెనీ తన అజమాయిషీలోకి తీసుకున్నది. రేపు ఆ కంపెనీ మూతపడినా, వ్రాసినదంతా అందరి దగ్గరా ఉన్నది గనక మరొకరు సాగించుకోవచ్చు.

పాల్ డేవిస్ అనే ఆయన మొదలుపెట్టిన "ఆర్డర్" దీ అదే లైసెన్సు. అక్కడొక తమాషా ఉన్నది. వంట విధానం అందరికీ ఉచితం. వండి వడ్డించిన భోజనానికి మాత్రం కొంత ఇవ్వమంటారు. ప్రోగ్రాము వ్రాతను తీసుకుని మీ కంప్యూటరుకు పనికివచ్చేలా మీరే తయారుచేసుకుంటే పైసా కట్టనక్కరలేదు. తయారైనది కావాలంటే సొమ్ము ఇవ్వాలి. రుచి చూడటానికి ఊరికే ఇచ్చేది పది నిమిషాలు కాగానే నోరు మూసుకుంటుంది.

ఇంకొక దారి "రీపర్" వారిది. 60 రోజులు మొత్తం ప్రోగ్రామును, ఏ గదికీ తాళం వేయకుండా, ఇచ్చేస్తారు. తరువాత కొనాలి. ఇంటిలో వాడుకునేవారికీ, దానిమీద సంపాదన ఏటా 20,000 డాలర్లు మించనివారికీ 60 డాలర్లు. పెద్ద సంపాదనపరులకు 225. ఇద్దరికీ ఇచ్చేది ఒకే ప్రోగ్రాము! 60 రోజులు దాటితే తాళం పడదు; "మీరింకా కొనలేదు సుమా" అని తెరచినప్పుడల్లా గుర్తుచేస్తుంది. కొనటం కొనకపోవటం మన నిజాయితీకి వదిలారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. దొంగతనంగా తాళాలు విరిచిన ప్రతులు అక్కడక్కడ దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. అది చట్టవిరుద్ధం, పైగా తాళం విరిచినవాడు లోపల ఏం పెట్టి పంపాడో మనకేం తెలుసు?

ఇప్పుడు మన కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. "నా పాట నాకెందుకు ఇవ్వదు?"

కంప్యూటరు శబ్దాన్ని అంకెలుగా మార్చి దాస్తుంది. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. అందుకు రెట్టింపుకన్న కొంచెం ఎక్కువగా, సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి ఆ కొలతలను వరసగా వ్రాసుకుంటుంది. రెండు చెవులకూ కలిపి ఒక నిమిషం పాటకు ఒక కోటికి పైగా బైట్లు పడతాయి. ఈ కొలతలను వ్రాసుకునే ఒక తీరును "వేవ్" అంటారు. అది 1991నుంచీ ఉన్నది. ఎలా వ్రాయాలో అందరికీ తెలిసినదే గనక ఏ ప్రోగ్రామైనా దాన్ని చదవగలదు.

కాని మీరు "భద్రం చేయి" అన్నప్పుడు ప్రోగ్రాము వ్రాసేది వేవ్ కాదు. తన సొంత చిట్టా. ఏ పొర ఎక్కడ మొదలు, ఏది ఎంత గట్టిగా, ఎక్కడ కత్తిరించారు అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. చాలా ప్రోగ్రాములు గొంతును పక్కనే ఒక అరలో వేవ్‌గా ఉంచి, లెక్కలను మాత్రం చిట్టాలో వ్రాస్తాయి. రీపర్ చిట్టా మామూలు అక్షరాలలోనే ఉంటుంది, తెరచి చదువుకోవచ్చు కూడా. కుర్రవాడు దించుకున్న ప్రోగ్రామో, గొంతును కూడా లెక్కలతోపాటు తన మూటలోనే కట్టివేసింది. మూట వాడిది. ముడి మాత్రం కంపెనీది.

అందరూ చదవగలిగే వ్రాత ఎంత విలువైనదో చెప్పటానికి మరొక్క సంగతి. 1980 ప్రాంతాన ఒక కంపెనీ మీటల వాద్యం మరో కంపెనీ వాద్యంతో మాట్లాడేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలండ్ కంపెనీ స్థాపించిన ఇకుతారో కకేహషీ, మరికొందరితో కలిసి ఒక ఉమ్మడి భాషను ఏర్పాటుచేశారు. దాని పేరు "మిడి". 1983 జనవరిలో కాలిఫోర్నియాలో ఒక వాద్యాల ప్రదర్శనలో పోటీ కంపెనీల వాద్యాలు రెంటిని తీగతో కలిపితే ఒకదానిమీద వాయించినది రెండోదానిలో పలికింది! ఆ భాష వాడుకున్నందుకు వాళ్ళు ఎవరినీ రుసుము అడగలేదు. అందుకే 1980లలో వ్రాసిన మిడి పాట నేటికీ తెరుచుకుంటుంది. 2013లో వాళ్ళిద్దరికీ గ్రామీ సంస్థ సాంకేతిక బహుమానం ఇచ్చింది. మిడిలో ఉండేది శబ్దం కాదు, స్వరలిపి వంటి సూచనలు: ఫలానా స్వరం, ఇంత గట్టిగా, ఇంతసేపు. ఉన్నవి 128 స్వరాలే. మన గమకాన్ని అందులో పట్టటం చాలా శ్రమ. అమ్మమ్మ పాటకు అమ్మమ్మ గొంతే కావాలి.

కాబట్టి మీరు ఏ ప్రోగ్రాము తెచ్చుకున్నా, మొదటి రోజునే చిన్న పరీక్ష చేయండి. ఒక వాక్యం పాడి, భద్రం చేసి, ప్రోగ్రామును మూసి, మళ్ళీ తెరవండి. తరువాత ఆ వాక్యాన్ని వేవ్‌గా బయటికి తీసి వేరే ప్రోగ్రాములో వినండి. రెండూ జరిగితేనే అసలు పని మొదలుపెట్టండి. పాట పూర్తికాగానే ఒక్కొక్క పొరనూ విడివిడిగా, అన్నీ సున్నా సెకనునుంచే మొదలయ్యేలా, వేవ్‌గా తీసి దాచండి. అప్పుడు ఎన్నేళ్ళకైనా ఏ ప్రోగ్రాములోనైనా వాటిని ఒకదానిమీద ఒకటి పరచుకోవచ్చు. పాట వేగం ఎంతో ఒక కాగితంమీద వ్రాసిపెట్టండి.

మన కుర్రవాడు దసరా సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళాడు. మామయ్య కంప్యూటరులో ఆడాసిటీ పెట్టుకున్నాడు. నేను చెప్పిన పరీక్ష రెండుసార్లు చేశాడట! దంపుళ్ళ పాట, ఉయ్యాల పాట చక్కగా వచ్చాయి. అప్పగింతల పాట దగ్గర అమ్మమ్మ ఆగిపోయింది. ఆఖరు చరణం ఎంతకీ జ్ఞాపకం రాలేదు.

"ఎండాకాలంలో పాడానుగదరా, నీ పెట్టెలో ఉన్నదిగా! విని చెప్పు, అందుకుంటాను," అన్నది ఆవిడ.

ఆ మూట వాడి కంప్యూటరులో అలాగే ఉన్నది. వాడు దాన్ని చెరిపివేయలేదు. ప్రోగ్రాము కొనటానికి హుండీలో డబ్బు వేస్తున్నాడు. ఇంకా సగం కూడా కాలేదు.